రెక్క కొస

పోయిన నెల మా ఇంట్లో తలుపులకి పాలిష్ పెట్టించాం. కుర్రాడు రెండు రోజులు ఉప్పు కాగితంతో రుద్ది, సీలర్ కొట్టి, మళ్ళీ రుద్ది, మూడో రోజు ఎన్‌సీ లాకర్ స్ప్రే మొదలుపెట్టాడు. హాలంతా థిన్నర్ వాసన. మా ఆవిడ కిటికీలన్నీ బార్లా తెరిచి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయింది. నేను కుర్చీ లాక్కుని ఆ తలుపు పక్కనే కూర్చున్నాను.

"తలకాయ నొస్తది సార్, బయట కూసోండి" అన్నాడు కుర్రాడు.

"పర్లేదులే, నీ పని నువ్వు కానీ" అన్నాను.

ఎన్‌సీ అంటే నైట్రోసెల్యులోజ్. గ్లైడర్ అంటే ఇంజిన్ లేని విమానం, దాని రెక్క మీద గుడ్డ పరిచి, అది డప్పు చర్మంలా బిగుసుకోవడానికి పొర మీద పొరగా పూసే డోప్ కూడా ఆ జాతిదే. ఇన్నేళ్ళ తర్వాత అదే వాసన మా హాల్లో. కళ్ళు మూసుకుంటే చాలు, మూల ఇనప పొయ్యి, కిటికీ అద్దాల మీద మంచు, రెండు బల్లల మీద వెల్లకిలా పడుకోబెట్టిన రెక్క. ఆ సాయంత్రం కుర్రాడు సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయాక కూడా చాలాసేపు అక్కణ్ణించి లేవలేదు. అప్పుడే అనుకున్నాను, ఇది రాయాలని.

*

మాది ఏలూరు కాలవ పక్కన ఊరు. నాన్న వడ్రంగి. తలుపులు, నాగళ్ళు, ఎడ్లబళ్ళు, పెళ్ళిళ్ళ రోజుల్లో పట్టెమంచాలు. నేను చిత్రిక పొట్టులో ఆడుకుని పెరిగినవాణ్ణి. టేకు పొట్టు ఒక వాసన, మద్ది పొట్టు ఒక వాసన, వేప పొట్టు ఒక వాసన. బడి నుంచి వీధి మలుపు తిరిగేసరికి ఇవాళ నాన్న ఏ చెక్క మీద ఉన్నాడో తెలిసిపోయేది. ఆయన పని నాకు అంటకుండా చదివించాలని ఆయన పట్టుదల. చదివించాడు. నేను ఇంజినీరునై, ఒక కంపెనీ పంపితే జర్మనీ వెళ్ళాను.

వెళ్ళి పడింది ఫుల్డా దగ్గర చిన్న ఊళ్ళో. చుట్టూ రోన్ కొండలు, గుండ్రంగా, నున్నగా, పచ్చగా. వారమంతా ఫ్యాక్టరీ. ఆదివారం వస్తే మాత్రం గుండె జారిపోయేది. షాపులు మూత, వీధిలో మనిషి ఉండడు, చర్చి గంట తప్ప చప్పుడు లేదు. ఒక సోమవారం నా పక్క మిషను మీద పనిచేసే ఆయన అడిగాడు, ఆదివారాలు ఏం చేస్తావని. ఏమీ చెయ్యను, ఇంటికి ఉత్తరాలు రాస్తానన్నాను. వచ్చే ఆదివారం తొమ్మిదింటికి సిద్ధంగా ఉండు, కారు తెస్తాను అన్నాడు.

తీసుకెళ్ళింది గడ్డి మైదానానికి. ఒక చివర రేకుల హ్యాంగరు, దాని ముందు నాలుగు గ్లైడర్లు. ఇంకో చివర, కిలోమీటరు దూరంలో, విన్చ్, తాడు చుట్టుకుంటూ గ్లైడర్ని లాగి పైకి లేపే యంత్రం. దానికీ దీనికీ మధ్య ఒక పాత టెలిఫోను తీగ. నాకు భాష సరిగా రాదు. భాష రానివాడికి కూడా చెప్పగలిగిన పని ఒకటి అక్కడ ఉంది. గ్లైడరు ఒకే చక్రం మీద నిలబడుతుంది కాబట్టి ఒక రెక్క ఎప్పుడూ నేలకి వాలి ఉంటుంది. ఎవరో ఒకరు ఆ రెక్క కొస ఎత్తి సమానంగా పట్టుకోవాలి, తాడు బిగిసి గ్లైడరు కదిలాక దాంతోపాటు నాలుగడుగులు పరిగెత్తాలి, వదిలెయ్యాలి.

"గట్టిగా పట్టుకోకు. రెండు వేళ్ళ మీద ఆనించు చాలు. వెళ్ళే టైమొస్తే అదే వెళ్ళిపోతుంది" అని సైగలతో చూపించాడు ఒక పెద్దాయన. తర్వాత తెలిసింది, అందరూ ఆయన్ని మైస్టర్ అంటారని. మేస్త్రి అన్నమాట. ఆ మాట వినగానే ఆయన నాకు మన ఊరివాడైపోయాడు.

నేను మొదట పట్టుకున్న రెక్క కా-6 అనే గ్లైడరుది. మీగడ రంగు, ముక్కు మీద సన్నటి ఎర్ర గీత. ఆ కొస కింద నా వేళ్ళకి తగిలింది రేకు కాదు, చెక్క. ఉలిక్కిపడి వంగి చూశాను. రంగు కింద ప్లైవుడ్ అతుకు గీత కనబడింది, వెంట్రుక మందాన. నాన్న చూస్తే వేలితో రాసి చూసేవాడు. నేనూ రాసి చూశాను. వేలికి ఏమీ తగల్లేదు.

*

ఎండాకాలం ఎగరాలంటే చలికాలం పనిచెయ్యాలి. ఆ క్లబ్బు నియమం అది. డాక్టరైనా, పాలు పోసేవాడైనా, ఇన్ని గంటలని లెక్క, పుస్తకంలో సంతకం. నవంబరు నుంచి మార్చి దాకా శనివారాలు వర్క్‌షాపులోనే. మైస్టర్ కుర్రతనంలో కొన్నేళ్ళు పోపెన్‌హౌజెన్‌లో, అలెగ్జాండర్ ష్లైషర్ కర్మాగారంలో పనిచేసినవాడు. ఆ ఊరు వాసర్‌కుపె కొండకి కింద ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిపోయాక జర్మనీకి ఇంజిన్ విమానాల మీద ఆంక్షలు పెడితే, కుర్రాళ్ళు ఇంజిన్ లేకుండానే ఎగురుతామని 1920లో పోటీలు పెట్టుకున్నది ఆ 950 మీటర్ల కొండ మీదే.

ఆ కథలన్నీ నాకు అక్కడే, పొయ్యి పక్కన, చేతిలో ఉప్పు కాగితం ఉండగా వినబడ్డాయి. వాటిలో నన్ను కుదిపేసింది ఒకటే. ఆ ష్లైషర్ వడ్రంగం నేర్చినవాడట. కొండ మీద పోటీల్లో గెలిచిన డబ్బుతో 1927లో షెడ్డు వేసుకుని గ్లైడర్లు చెయ్యడం మొదలెట్టాడు. రెండో యుద్ధం అయ్యాక మిత్రదేశాలు గ్లైడింగ్‌ని కూడా నిషేధిస్తే ఆ షెడ్డులోనే ఇళ్ళల్లోకి కావలసిన చెక్క సామాను చేశారు. 1951లో నిషేధం తీసేశాక మళ్ళీ రెక్కలు. మంచాలు, బీరువాలు చేసిన చేతులే! నేను ఆ శనివారం పని ఆపేసి మైస్టర్‌కి నా వచ్చీరాని జర్మన్‌లో చెప్పాను, మా నాన్న కూడా వడ్రంగేనని. ఆయన నా మొహం చూసి, మాట్లాడకుండా వెళ్ళి తన సొంత చిత్రిక తెచ్చి నా చేతిలో పెట్టాడు. అప్పటిదాకా నాకు ఇచ్చింది రుద్దుడు పనే.

ఇచ్చిన పని ఏమిటంటే, రెక్క ముందు అంచున దెబ్బతిన్న చోట కొత్త ప్లైవుడ్ ముక్క అతకాలి. మిల్లీమీటరున్నర మందం బర్చ్ ప్లైవుడ్. అంచుకి అంచు ఆనించి అతికితే నిలవదు. రెండు అంచుల్నీ ఏటవాలుగా, కత్తి మొనలాగా చెక్కి, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టాలి. మందానికి పదిహేను రెట్ల పొడుగు వాలు. అంటే మిల్లీమీటరున్నరని రెండు సెంటీమీటర్ల పైచిలుకు దూరంలో సున్నాకి దించాలి. ప్లైవుడ్‌లో పొరలు రంగు తేడాతో వరసగా గీతల్లా బయటపడతాయి. ఆ గీతలు తిన్నగా, సమానంగా కనబడితే వాలు సరిగా పడినట్టు. వంకర పోతే చెయ్యి వంకర పోయినట్టు. రోజంతా పట్టింది నాకు. గీతలు తిన్నగా వచ్చాయి.

జిగురు మాత్రం నన్ను దెబ్బతీసింది. రెసిన్ జిగురుకి వెచ్చదనం కావాలి. సాయంత్రం క్లాంపులు బిగించి, పొయ్యిలో సరిపడా కట్టెలు వెయ్యకుండానే తాళం వేసుకుని వెళ్ళిపోయాను. రాత్రి మంచు కురిసింది. మర్నాడు మైస్టర్ నేను అతికిన నమూనా ముక్కని తీసుకుని బల్ల అంచున పెట్టి విరిచాడు. ఏ రెక్క పనికైనా అదే జిగురుతో, అదే రోజు ఒక నమూనా ముక్క చేసి పక్కన పెడతారు. చెక్క విరిగితే అతుకు మంచిది. అతుకు దగ్గరే విడిపోతే మొత్తం పని పనికిరాదు. నాది విడిపోయింది, బిస్కెట్ ప్యాకెట్ విప్పినంత తేలిగ్గా.

ఆయన ఒక్క మాట అనలేదు. అతికినదంతా ఊడదీసి, పాత జిగురంతా చెక్కేసి, మళ్ళీ కొత్త అంచు తియ్యమన్నాడు. మూడు శనివారాలు పోయాయి. ఆ రాత్రుళ్ళు పొయ్యి ఆరిపోకుండా ఇద్దరం అక్కడే ఉన్నాం. ఆయన బెంచీ మీద, నేను గోనెపట్టాల మీద.

*

ఆ రాత్రుళ్ళలోనే కా-6 చరిత్రంతా నాకు ఎక్కింది.

కా అంటే కైజర్. రుడాల్ఫ్ కైజర్. మొదట ఆయన సొంతంగా కా-1 అని ఒక చిన్న గ్లైడరు గీసి కట్టుకున్నాడు. ష్లైషర్ దగ్గర చేరాక వరసగా గీస్తూ పోయాడు. ఆరోది 1955లో ఎగిరింది. కొండల పేరే పెట్టారు దానికి, రోన్‌సెగ్లర్ అని. ఒక్కరే కూర్చునేది.

మైస్టర్ వేళ్ళతో గాలిలో గీసి చూపించేవాడు. రెక్కలో ముందు నుంచి నడి దూలం దాకా ప్లైవుడ్ పెట్టె. మెలితిప్పే బలాన్ని అదే మోస్తుంది. దాని వెనక పక్కటెముకలు, వాటి మీద గుడ్డ. ఎక్కడ బలం కావాలో అక్కడే చెక్క, మిగతా చోట గాలి. అందుకే మొత్తం బరువు 190 కిలోలు ఉంటుందేమో, అంతే. అయితే పాత గ్లైడర్లకీ దీనికీ తేడా రెక్క కోతలో ఉంది. అమెరికా విమాన పరిశోధన సంస్థ ఎన్‌ఏసీఏ తయారుచేసిన 63 వరస కోత పెట్టాడు కైజర్. అందులో రెక్క లావైన చోటు మామూలు కంటే వెనక్కి జరిగి ఉంటుంది, గాలి చెదరకుండా ఎక్కువ దూరం జారిపోతుంది. కానీ పైన చిన్న అల ఉన్నా, అతుకు కాస్త పొంగినా ఆ లాభం పోయినట్టే. ఉప్పు కాగితం గంటల లెక్క ఎందుకో అప్పుడు అర్థమైంది నాకు. కిలోమీటరు ఎత్తు నుంచి నిశ్చలమైన గాలిలో వదిలితే 29 కిలోమీటర్లు వెళ్తుంది. ఇవాళ్టి గ్లైడర్ల పక్కన అది చిన్న అంకె. కానీ సన్నటి, బలహీనమైన థర్మల్, అంటే పైకి లేచే వేడి గాలి, దొరికినప్పుడు చిన్న వలయంలో తిరుగుతూ, బరువు లేకుండా పైకి లేచే సుగుణం దీనికి ఉంది. బరువైనవి అక్కడ కిందికి దిగిపోతాయి.

అప్పట్లో పోటీ గ్లైడర్లు రానురాను పెద్దవై, ఖరీదై, మామూలు క్లబ్బు కొనుక్కోలేని స్థితికి వచ్చాయి. ఓస్టివ్ అనే అంతర్జాతీయ సంస్థ స్టాండర్డ్ క్లాస్ అని కొత్త తరగతి పెట్టింది. రెక్క 15 మీటర్లు దాటకూడదు, రెక్క వెనక అంచున కిందికీ పైకీ వంచే ఫ్లాపులు ఉండకూడదు, చక్రం లోపలికి ముడుచుకోకూడదు, వేగాన్ని అదుపు చేసే ఎయిర్‌బ్రేకులు తప్పనిసరి. కా-6 మొదట కాస్త చిన్న రెక్కతో పుట్టింది, తర్వాత దాన్ని సరిగ్గా 15 మీటర్లకి పెంచారు. పేరు చివర అక్షరాలకి కూడా అర్థాలున్నాయి. మా దాని పేరు కా-6 సీఆర్. ఆర్ అంటే వాళ్ళ భాషలో రాడ్, చక్రం.

1958లో పోలండ్‌లో లెష్నోలో ప్రపంచ పోటీలు. స్టాండర్డ్ క్లాస్‌కి అదే మొదటిసారి. గెలిచింది ఆ దేశంవాడే, ఆడమ్ విటెక్, ముఖా స్టాండర్డ్ అనే గ్లైడరు మీద. స్వీడన్ పెర్-ఆక్సెల్ పెర్సన్ రెండు. మన కా-6 మీద హైన్స్ హూట్ మూడు. కానీ ఆ తరగతిలో ఉత్తమ నమూనాగా ఓస్టివ్ బహుమతి కా-6కి ఇచ్చారు. "ఎగిరినవాడికి పతకం, గీసినవాడికి బహుమతి. మాకు రెండోదే ముఖ్యం" అనేవాడు మైస్టర్. మాకు అన్నప్పుడు ఆయన తన చేతుల వంక చూసుకునేవాడు.

1960లో కొలోన్‌లో హూట్ మొదటివాడు. 1963లో అర్జెంటీనాలో హునీన్ అనే ఊళ్ళో, దిక్కులు కనబడని గడ్డి మైదానాల మీద, మళ్ళీ అదే హూట్, మళ్ళీ కా-6, మళ్ళీ మొదటి స్థానం. ఆ వార్త వచ్చిన రోజు సంగతి మైస్టర్ ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు పుట్టలేదు.

ఒక్కటి మాత్రం ఆయన గొంతు తగ్గించి చెప్పేవాడు. లెష్నో పోటీలకి ముందే, 1957 నవంబరులో, ష్టుట్‌గార్ట్‌లో ఫీనిక్స్ అని ఒకటి ఎగిరింది. హెర్మన్ నెగెలె, రిచర్డ్ ఎప్లర్ గీసినది. ఫైబర్ గ్లాసుతో చేసిన మొదటి గ్లైడరు. మా కా-6 గెలుపులన్నీ దాని తర్వాతవే. చెక్కకి కాలం చెల్లే గడియ పుట్టాకే చెక్క తన గొప్ప రోజులు చూసింది. ఆ మాట చెప్పాక ఆయన లేచి పొయ్యిలో కట్టె వేసేవాడు.

*

కా-6 పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో ఒకటి నాన్నకి పంపాను. ఎగురుతున్నానని రాస్తే అమ్మ భయపడుతుందని, ఊరికే చూడ్డానికి వెళ్ళానని రాశాను. నాన్న జవాబు ఎయిర్‌మెయిల్‌లో వచ్చింది. ఎగరడం గురించి ఒక్క ముక్క అడగలేదు. "అది ఏం చెక్కరా?" అని రాశాడు.

స్ప్రూస్ అని రాస్తే ఆయనకేం తెలుస్తుంది? వర్క్‌షాపులో పక్కటెముకల కోసం కోసిన పుల్లల్లో మిగిలిన జానెడు ముక్క, దాంతోపాటు గుప్పెడు చిత్రిక పొట్టు కవర్లో పెట్టి పంపాను. నెల తర్వాత మళ్ళీ ఉత్తరం. "ముక్క అందింది. దీనికి చేవ లేదు. చేతిలో పెట్టుకుంటే బరువే తెలీడం లేదు. కానీ ఈనె చూశావా, మగ్గం మీద పడుగు పరిచినట్టు ఒక్క వంకర లేదు, ఒక్క ముడి లేదు. ఇంత తిన్నని చెక్క నా జన్మలో చూడలేదు. జాగ్రత్తగా పని చెయ్యి, ఇది తప్పు చేస్తే క్షమించే చెక్కలా లేదు."

ఆ ఉత్తరాన్ని మైస్టర్‌కి చదివి, జర్మన్‌లో చెప్పాను. చివరి వాక్యాన్ని మళ్ళీ చెప్పించుకుని, బల్ల పైన గోడ మీద చాక్‌పీసుతో రాశాడు. చాలాకాలం అది అలాగే ఉంది.

నాన్న పోయాక ఆయన పనిముట్ల పెట్టె తెరిస్తే, ఉలుల మధ్య నూనె గుడ్డలో చుట్టి ఆ జానెడు ముక్క ఉంది.

*

రెండు సీట్ల గ్లైడర్లో నేర్చుకుని, ఒంటరిగా ఎగిరి, ఇంకో వేసవి గడిచాక నాకు కా-6 ఇచ్చారు. ఇరుకు కూర్చునే చోటు, భుజాలు రెండు పక్కలా ప్లైవుడ్‌కి ఆనతాయి. నెత్తిన మూత వేస్తే లోపల ఎండకి కాగిన డోప్ వాసన. కళ్ళ ముందు మూత మీద టేపుతో అంటించిన ఎర్ర ఊలు దారం, నాలుగు వేళ్ళ పొడుగు. అది తిన్నగా వెనక్కి పారుతుంటే సరిగా ఎగురుతున్నట్టు, పక్కకి వాలితే గ్లైడరు అడ్డంగా జారుతున్నట్టు. ముందు ఎన్ని కొలత పరికరాలు బిగించినా అందరూ చూసేది ఆ దారాన్నే.

విన్చ్ లాగితే వీపు సీటుకి అతుక్కుపోతుంది. మూడొందల మీటర్ల పైన ఎక్కడో పసుప్పచ్చ పిడి లాగితే టక్కుమని కొక్కెం వదులుతుంది, ఆ తర్వాత నిశ్శబ్దం. పూర్తి నిశ్శబ్దం కాదు. పళ్ళ సందుల్లోంచి మెల్లగా ఈల వేసినట్టు గాలి. కుదుపు వచ్చినప్పుడల్లా రెక్క గుడ్డ చిన్నగా డబ్‌మంటుంది. బరువు గ్లైడర్లలాగా నడిపే కర్రని లాగక్కర్లేదు, అనుకుంటే చాలు తిరుగుతుంది. కోసిన గోధుమ చేలమీద డేగలాంటి పక్షి ఒకటి గిరికీలు కొడుతుంటే దాని కిందికి చేరాను. ఎక్కుతున్నామో దిగుతున్నామో చూపించే వేరియోమీటరు ముల్లు పైకి లేచింది. ఆ పక్షీ నేనూ పావుగంట ఒకే వలయంలో తిరిగాం. అది రెక్క ఆడించలేదు, నేనూ ఏమీ చెయ్యలేదు.

గ్లైడరు నడిపేవాళ్ళకిచ్చే సిల్వర్ బ్యాడ్జి కోసం 50 కిలోమీటర్లు వెళ్ళాల్సిన రోజు మాత్రం మబ్బులు మధ్యలో కరిగిపోయాయి. దూరం పూర్తయింది కానీ అనుకున్న మైదానం అందలేదు. ఎండుగడ్డి కోసిన చేలో దిగాను. రైతు ట్రాక్టరు ఆపి వచ్చాడు. గొడవ పెడతాడనుకున్నాను. గ్లైడరు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "కా-6! మా అన్న ఎగిరేవాడు" అన్నాడు. వాళ్ళింటి నుంచి ఫోన్ చేశాను. వాళ్ళావిడ ప్లమ్ కేకు, కాఫీ పెట్టింది. చీకటి పడే వేళకి ట్రైలరుతో నలుగురు వచ్చారు, అందులో మైస్టర్. రెక్కలు ఊడదీస్తూ టార్చిలైటు వెలుగులో నేను అతికిన చోట వేలు రాసి చూశాడు. బాగుందని అనలేదు. వేలు రాసి, రెక్కని ట్రైలర్లోకి తొయ్యమన్నాడు. ఇంటికి వెళ్ళే దారంతా నాకు నిద్ర పట్టలేదు.

*

ఆ కాలానికే కుర్రాళ్ళ చూపు ఫైబర్ మీద ఉండేది. 1970లో టెక్సస్‌లో మార్ఫాలో హెల్ముట్ రైష్‌మాన్ ఎల్‌ఎస్-1 అనే ఫైబరు గ్లైడరు మీద స్టాండర్డ్ క్లాస్ గెలిచాక చెక్క మాట ఎత్తేవాళ్ళు తగ్గిపోయారట. తప్పు పట్టలేను. ఫైబర్ రెక్కకి చలికాలమంతా కాపలా కాయక్కర్లేదు, వానకి భయపడక్కర్లేదు. కైజర్ కూడా ఆగిపోలేదు, ఇవాళ ఎన్నో దేశాల్లో పిల్లలు నేర్చుకునే ఏఎస్‌కే-21 ఆయన గీసిన ఫైబరు గ్లైడరే. అయినా వర్క్‌షాపులో శనివారాలు ఖాళీ అవుతుంటే నాకు కడుపులో దేవినట్టుండేది. మనుషుల్ని ఒక గదిలో కూర్చోబెట్టింది ఆ చెక్కే. నేను ఇండియాకి తిరిగొచ్చేశాను. మైస్టర్‌తో ఏటా క్రిస్మస్‌కి ఒక కార్డు. ఒక ఏడు వాళ్ళమ్మాయి చేతిరాతతో కార్డు వచ్చింది.

రెండేళ్ళ క్రితం ఫ్రాంక్‌ఫర్ట్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, అల్లుడు కారులో ఆ ఊరు తీసుకెళ్ళాడు. రేకుల హ్యాంగరు అదే. వర్క్‌షాపు గోడకి తెల్ల సున్నం కొట్టేశారు. బయట గడ్డి మీద మూడు ఫైబరు గ్లైడర్లు, వాటి పక్కన కా-6. ఎర్ర గీత నీలం గీత అయింది. ముగ్గురు కలిసి కొనుక్కుని ఎగరేస్తున్నారట. నేనెవరో చెప్పాక అందులో ఒకమ్మాయి, పాతికేళ్ళుంటాయేమో, లాగ్‌బుక్కు తెచ్చింది. ఆ చలికాలపు రిపేరు అందులో ఉంది, మైస్టర్ అక్షరాలతో. కింద చిన్నగా నా సంతకం.

ఆ అమ్మాయి మూత వేసుకుని కూర్చుంది. రెక్క పట్టుకునేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అటూ ఇటూ చూశారు. నేను వెళ్ళాను. అల్లుడు వెనకనుంచి "మామయ్యా, మోకాళ్ళు జాగ్రత్త" అన్నాడు.

కొస ఎత్తి రెండు వేళ్ళ మీద ఆనించాను. ముందు అంచు కింద వేలు పోనిచ్చి, ఆ అతుకు కోసం వెతికాను. వేలికి ఏమీ తగల్లేదు. అటు చివర తాడు నేల మీంచి లేచింది, బిగిసింది. ఒక అడుగు, రెండు, మూడు. నాలుగో అడుగుకి రెక్క నా వేళ్ళ మీంచి వెళ్ళిపోయింది.